తండ్రి పాట, బిడ్డ ఆట: దిగువ కృష్ణాతీర ప్రదర్శన కళల్లో ఉమ్మడి వేదిక

సంగ్రహం

తల్లి లేదా తండ్రి తన బిడ్డతో కలిసి ఒకే వేదికపై ఇచ్చే ప్రదర్శనను ఈ వ్యాసం ‘ఉమ్మడి వేదిక’ అని వ్యవహరిస్తుంది. గుడివాడ, కూచిపూడి, మొవ్వ, దివిసీమ ప్రాంతాలకు సంబంధించిన తరంగం, కలాపం, కలావంతుల మేళం అనే మూడు సంప్రదాయాలను ఆధారం చేసుకొని, ఉమ్మడి వేదిక ప్రదర్శనస్థలం మాత్రమే గాక బోధనాస్థలం కూడా అని నిరూపించడం ఈ వ్యాస ప్రధానోద్దేశం. ఆ వేదికపైకి ఏ బిడ్డను రానిచ్చారు, ఏ బిడ్డను ఆపారు అన్న ప్రశ్న కళాచరిత్రను ఎలా మలిచిందో కూడా ఇందులో పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: ఉమ్మడి వేదిక, తరంగం, భామాకలాపం, ఘంటసాల, కూచిపూడి, కలావంతులు, నట్టువాంగం, పరంపర.

1. ప్రవేశిక

గురుశిష్య పరంపరను చర్చించేటప్పుడు మనం సాధారణంగా గురువు ఇంటిని ఊహించుకొంటాం. తెల్లవారుజామున సాధకం, ఏళ్ల తరబడి శుశ్రూష, చివరికి శిష్యుని తొలి ప్రదర్శన అన్న క్రమం మన మనస్సులో స్థిరపడి ఉంది. ఈ క్రమంలో నేర్చుకోవడం ముందు, ప్రదర్శించడం తర్వాత. వంశపారంపర్యంగా కళను వృత్తిగా స్వీకరించిన కుటుంబాల్లో ఈ రెండింటికీ మధ్య ఇంత స్పష్టమైన గీత ఉండదు. అక్కడ బిడ్డ తన విద్యలో కొంత భాగాన్ని ప్రేక్షకుల ఎదుట, తండ్రి లేదా తల్లి పక్కనే నిలిచి నేర్చుకొంటుంది.

ఈ విషయ పరిశీలనకు దిగువ కృష్ణా డెల్టా అనువైన క్షేత్రం. విజయవాడ నుంచి మచిలీపట్నం పోయే దారిలో పామర్రు ఒక కూడలి. అక్కడి నుంచి ఒక దారి గుడివాడకు, మరొక దారి కూచిపూడి మీదుగా చల్లపల్లికి, అటుపైన దివిసీమకు పోతుంది. కూచిపూడికి సమీపంలోని మొవ్వను క్షేత్రయ్య స్వగ్రామంగా సంప్రదాయం చెబుతుంది. గుడివాడ దగ్గరి చౌటపల్లి ఘంటసాల వేంకటేశ్వరరావు జన్మస్థలం. ఆయన ఇంటిపేరే దివిసీమలోని ప్రాచీన బౌద్ధక్షేత్రమైన ఘంటసాల గ్రామానికీ ఉంది. ఒక రోజు ప్రయాణంలో చుట్టి రాగల ఈ పరిధిలో తరంగం, యక్షగానం, కలాపం, పదం కలిసి బతికాయి.

2. ఉమ్మడి వేదిక స్వరూపం

ఇద్దరు కళాకారులు కలిసి ప్రదర్శించినంత మాత్రాన అది ఈ వ్యాసం చెప్పే ఉమ్మడి వేదిక కాదు. దానికి మూడు లక్షణాలు అవసరం. మొదటిది, పెద్దవారికీ బిడ్డకూ వేర్వేరు బాధ్యతలు ఉండాలి. రెండవది, బిడ్డ బాధ్యత చిన్నదైనా ప్రదర్శనకు అది అవసరమైనదై ఉండాలి. మూడవది, బిడ్డ తడబడితే ప్రదర్శన ఆగకుండా సరిదిద్దే వెసులుబాటు పెద్దవారి చేతిలో ఉండాలి.

పాశ్చాత్య సంగీతంలో ఒకే పియానో ముందు ఇద్దరు కూర్చొని నాలుగు చేతులతో వాయించే పద్ధతి ఇందుకు మంచి పోలిక. ఆస్ట్రియా స్వరకర్త ఆంటోన్ డయాబెల్లి (1781–1858) గురుశిష్యుల కోసం కూర్చిన చిన్న రచనల సంపుటి ఒకటి పియానో విద్యార్థులకు సుపరిచితం. అందులో శిష్యుని భాగం ఐదు స్వరాలకే పరిమితం. చేతిని ఉంచిన చోటు నుంచి కదపనవసరం లేదు. స్వరసమ్మేళనాన్నీ లయ భారాన్నీ గురువు తన భాగంలో మోస్తాడు. శిష్యుడు వాయించేది అయిదు స్వరాలే అయినా వినేవారికి అందేది సంపూర్ణమైన సంగీతం. ఒంటరిగా సాధించలేని పూర్ణత్వాన్ని పెద్దవారి పక్కన కూర్చొని బిడ్డ ముందుగానే అనుభవిస్తుంది.

తరంగ ప్రదర్శనలోనూ ఇదే సూత్రం పని చేస్తుంది. గాయకుడు పల్లవిని ఎన్నిసార్లయినా ఆవృత్తి చేయవచ్చు. నర్తించే బిడ్డ జతిని ముగించడానికి మరొక ఆవర్తం పడితే పాట అంతవరకు అక్కడే తిరుగుతుంది. అడుగు తప్పితే మృదంగం ఒక గట్టి ముక్తాయింపుతో సమాన్ని గుర్తు చేస్తుంది. ప్రేక్షకుడికి ఇది సంగీత విస్తరణగా వినిపిస్తుంది, బిడ్డకు పాఠంగా అందుతుంది. అదే శబ్దం ఇద్దరికీ రెండు విధాలుగా ఉపకరించడమే ఉమ్మడి వేదిక ప్రత్యేకత.

3. చౌటపల్లి: తరంగం పాడిన తండ్రి, నర్తించిన కొడుకు

ఘంటసాల వేంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న చౌటపల్లిలో జన్మించారు. తండ్రి సూరయ్య తరంగాలు పాడేవారు, మృదంగం వాయించేవారు. తండ్రి తరంగం పాడుతుండగా పసివాడైన ఘంటసాల నర్తించేవారనీ, చూసినవారు ఆ బాలుణ్ణి ‘బాలభరతుడు’ అని మెచ్చుకొన్నారనీ ఆయన జీవితకథలు చెబుతాయి. కోట్లాది శ్రోతలు గాయకుడిగా ఎరిగిన వ్యక్తి కళాజీవితం నాట్యంతో మొదలైంది. ఈ విశేషాన్ని బాల్యపు ముచ్చటగా చెప్పుకొని వదిలేయడం పరిపాటి. ఉమ్మడి వేదిక దృష్టితో చూస్తే ఇందులో లోతైన విషయం ఉంది.

ఆ తండ్రీకొడుకులు పాడి, ఆడిన తరంగాల మూలం నారాయణతీర్థుల శ్రీకృష్ణలీలాతరంగిణి. ఇది 17వ శతాబ్దికి చెందినదిగా భావించే సంస్కృత గేయప్రబంధం. పన్నెండు తరంగాలుగా విభక్తమై, కృష్ణుని జననం నుంచి రుక్మిణీ కల్యాణం వరకు సాగుతుంది. భజన సంప్రదాయానికీ నాట్య సంప్రదాయానికీ ఇది సమానంగా చెందుతుంది. సంస్కృత సమాసాల అర్థం బాలుడికి పూర్తిగా తెలిసి ఉండనవసరం లేదు. గతి, విరుపు, ఊనిక పడే చోటు మాత్రం తెలియాలి. తరంగానికి అడుగు వేసే బిడ్డకు పదాల నడక చెవి కంటె ముందు పాదానికి పట్టుబడుతుంది. కృష్ణుని బాల్యలీలలను బాలుడే అభినయించడం వల్ల పాత్రకూ నటుడికీ సహజమైన పొత్తు కూడా కుదురుతుంది.

ఈ వేదిక ఎక్కువ కాలం నిలవలేదు. ఘంటసాల బాల్యంలోనే సూరయ్య మరణించారు. కొడుకు సంగీతం నేర్చుకోవాలన్నది తండ్రి చివరి కోరిక అని జీవితకథలు పేర్కొంటాయి. మేనమామ సంరక్షణలో పెరిగిన బాలుడు తరువాత విజయనగరం చేరి, అక్కడి మహారాజా సంగీత కళాశాలలో ప్రవేశించాడు. 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులుగా ఏర్పడిన కళాశాల అది. అక్కడ పట్రాయని సీతారామశాస్త్రి ఆయనకు గురువయ్యారు.

తండ్రి ఇచ్చిన విద్యకూ, కళాశాల ఇచ్చిన విద్యకూ తేడా ఇక్కడ గమనించదగినది. కళాశాలలో పాఠక్రమం ఉంటుంది, వర్ణం తరువాత కృతి వస్తుంది, పరీక్ష ఉంటుంది. తండ్రి పక్కన అటువంటి క్రమం ఏదీ లేదు. ఎదుటివారి గొంతును అనుసరించడం, జనం ముందు జంకకపోవడం, మాటను లయలో ఒదిగించడం అక్కడ ఒకేసారి అలవడతాయి. సినిమా నేపథ్యగానం స్వభావరీత్యా మరొకరి దేహానికి గొంతునివ్వడం. తన గొంతు ఒక దేహాన్ని నడిపించాలన్న ఎరుక నేపథ్య గాయకుడికి ప్రాణప్రదం. బాల్యంలో తానే ఆ దేహమై తండ్రి గొంతుకు నర్తించిన వ్యక్తికి ఆ ఎరుక రెండో వైపు నుంచి ముందే పరిచితం. ఈ రెండింటికీ కార్యకారణ సంబంధాన్ని నిర్ధారించడం సాధ్యం కాకపోయినా, ఘంటసాల గానంలోని వాచికశక్తిని వివరించేటప్పుడు విజయనగరంతో పాటు చౌటపల్లిని కూడా లెక్కలోకి తీసుకోవడం సమంజసం.

4. కూచిపూడి: సూత్రధారుడి స్థానం

చౌటపల్లిలో ఒక కుటుంబం చేసిన పనిని కూచిపూడిలో ఒక ఊరే తరతరాలుగా చేసింది. గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా ఈ గ్రామాన్ని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చాడని ప్రతీతి. 1763 నాటి ఆస్తి పంపక పత్రం భాగవతుల కుటుంబాల మధ్య అగ్రహార భూముల విభజనను నమోదు చేసింది. వేదాంతం, వెంపటి, పసుమర్తి, భాగవతుల వంటి ఇంటిపేర్లు నేటికీ నాట్యరంగంలో వినిపిస్తున్నాయి. ఇక్కడ భూమి వారసత్వమూ కళ వారసత్వమూ పెనవేసుకొని ఉన్నాయి. కొడుకు వేషం కట్టడం కుటుంబ హక్కును నిలబెట్టుకోవడం కూడా. ఈ ఊరి బ్రాహ్మణ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగవాడు జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం ధరించాలన్న నియమాన్ని సిద్ధేంద్రయోగి విధించాడని ఐతిహ్యం.

భామాకలాప నిర్మాణాన్ని పరిశీలిస్తే ఉమ్మడి వేదిక లక్షణాలు స్పష్టంగా కనిపిస్తాయి. సత్యభామ తెర వెనుక నుంచి ప్రవేశ దరువుతో వస్తుంది. ఆమె జడకు ఈ కలాపంలో ప్రత్యేక స్థానం ఉంది. సూత్రధారుడు తాళం పట్టి ప్రదర్శనను నడిపిస్తూనే, సత్యభామ చెలికత్తె మాధవిగా ఆమెతో సంభాషిస్తాడు. ప్రశ్నించడం, పొడిగించడం, ఎగతాళి చేయడం, ఓదార్చడం ఆయన పనులు. సంభాషణ మందగిస్తే ఒక ప్రశ్నతో కదిలిస్తాడు. వేషధారి తొందరపడితే తాళంతో నిలవరిస్తాడు. అనుభవజ్ఞుడైన తండ్రి లేదా పినతండ్రి ఈ స్థానంలో ఉండి, యువకుడైన కొడుకు సత్యభామ అయినప్పుడు, రక్షణ ఏర్పాటు నాటక నిర్మాణంలోనే ఇమిడి ఉంటుంది. దిద్దుబాటు సైతం మాధవి మాటగానే ప్రేక్షకుల చెవిన పడుతుంది.

చింతా వెంకటరామయ్య, ఆయన కుమారుడు చింతా కృష్ణమూర్తి నడిపిన వెంకటరామ నాట్యమండలి ఈ పరంపరకు ప్రముఖ ఉదాహరణ. తండ్రి పేరుతో నిలిచిన మేళానికి కొడుకు సారథి అయ్యాడు. స్త్రీ పాత్రధారణలో అఖిల భారత ఖ్యాతి పొందిన వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) ఆ మేళంలో కృష్ణమూర్తి పక్కన నిలిచి ఎదిగారు. ఆయన కృష్ణమూర్తికి కొడుకు కాడు. అయినా మేళంలోని పెద్ద–చిన్న సంబంధం కుటుంబ సంబంధాన్ని పోలి ఉండేది. కాబట్టి ఉమ్మడి వేదిక రక్తసంబంధం నుంచి పుట్టినా, మేళం ద్వారా దాని పరిధిని కొంత విస్తరించుకొన్నదని చెప్పవచ్చు.

5. ఆడబిడ్డ స్థానం

పై ఉదాహరణలన్నింటిలోనూ తండ్రి పక్కన ఉన్నది కొడుకు. కూతురు ఎక్కడ ఉంది? ఈ ప్రశ్నను దాటవేస్తే ఉమ్మడి వేదిక చరిత్ర సగమే చెప్పినట్టవుతుంది.

కూచిపూడి భాగవతుల ఇళ్లలో ఆడపిల్లలు జతులను వింటూ పెరిగారు, వేదికనెక్కలేదు. పరిశోధకురాలు హర్షిత మృత్తింటి కామత్ 2019లో ప్రచురించిన ‘ఇంపర్సొనేషన్స్’ అన్న గ్రంథం కూచిపూడిలో స్త్రీ వేషధారణకూ బ్రాహ్మణ పురుషత్వానికీ గల సంబంధాన్ని విశ్లేషిస్తూ, ఆ గ్రామ స్త్రీల మినహాయింపును కూడా చర్చించింది. స్త్రీ పాత్ర కేంద్రంగా గల కలాపంలో స్త్రీకి చోటు లేకపోవడం ఈ వ్యవస్థలోని ప్రధాన వైరుధ్యం.

ఇదే తీరాంధ్రంలో తల్లీకూతుళ్ల ఉమ్మడి వేదిక వేరొక సమాజంలో ఉండేది. కలావంతుల మేళంలో వయసు పైబడిన స్త్రీలు వెనుక నిలిచి పాడితే, వారి కూతుళ్లు, మనుమరాళ్లు ముందు నర్తించేవారు. క్షేత్రయ్య పదాలు, జావళీలు, భామాకలాపం, గొల్లకలాపం వారి ప్రదర్శనల్లో భాగం. నర్తకిగా మొదలై గాయనిగా మారడం అక్కడి జీవితక్రమం. నిన్నటి నర్తకి నేటి గాయని అయినప్పుడు, తాను పాడే పదానికి చేయవలసిన అభినయం ఆమె దేహానికి ముందే తెలుసు. అందువల్ల పదాభినయంలో గొంతు, చూపు ఒకే అనుభవం నుంచి వచ్చేవి. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం, దానికి ముందూ తరువాతా సాగిన సంస్కరణ వాతావరణం ఈ వేదికను కూల్చివేశాయి. ఆ వ్యవస్థలోని దోపిడీని ప్రశ్నించడం న్యాయమే. ఆ ప్రశ్న దోపిడీ వద్ద ఆగలేదు, తల్లి నుంచి కూతురికి అందే విద్యను కూడా అపవిత్రంగా ముద్రవేసింది. దేవేష్ సోనేజీ 2012 నాటి ‘అన్‌ఫినిష్డ్ జెస్చర్స్’ గ్రంథంలో తీరాంధ్ర కలావంతుల జ్ఞాపకాల్లో ఆ విద్య ఎలా మిగిలి ఉందో వివరించారు. వేదిక పోయాక పాట ఇంటి నాలుగు గోడల మధ్య జ్ఞాపకంగా మిగిలింది.

ఒకే డెల్టాలో, ఒకే శతాబ్దంలో తండ్రీకొడుకుల వేదికకు శాస్త్రీయ ప్రతిపత్తి దక్కింది, తల్లీకూతుళ్ల వేదికకు నిషేధం దక్కింది. రెండింటి రచనాసామగ్రిలో పెద్ద భాగం ఉమ్మడి ఆస్తి. విధి మాత్రం వేరైంది. ఈ వ్యత్యాసానికి కళాప్రమాణాల కంటె కుల, లింగ ప్రతిపత్తులే ఎక్కువ కారణం.

ఈ పరిస్థితి మన ప్రాంతానికే పరిమితం కాదు. లియోపోల్డ్ మొజార్ట్ 1763లో తన కుమార్తె మరియా అన్నాను, కుమారుడు వోల్ఫ్‌గాంగ్‌ను వెంటబెట్టుకొని ఐరోపా యాత్రకు బయలుదేరాడు. ఇద్దరూ బాలమేధావులుగా మెప్పు పొందారు. 1769 చివర ఇటలీ యాత్ర మొదలైనప్పుడు తండ్రి కొడుకును మాత్రమే తీసుకువెళ్లాడు. యుక్తవయసు వచ్చిన కూతురు సాల్జ్‌బర్గ్‌లో తల్లి దగ్గర ఉండిపోయింది. 1780 ప్రాంతంలో చిత్రించిన కుటుంబ చిత్రంలో అన్నాచెల్లెళ్లు కాదు, అక్కాతమ్ముళ్లు ఒకే వాద్యం ముందు కూర్చొని ఉంటారు, తండ్రి వయొలిన్ పట్టుకొని ఉంటాడు. చిత్రంలో దక్కిన సమస్థానం వృత్తిజీవితంలో ఆమెకు దక్కలేదు.

దీనికి భిన్నమైన తెలుగు ఉదాహరణ వయొలిన్ రంగంలో ఉంది. ద్వారం వెంకటస్వామినాయుడు (1893–1964) కుమార్తె ద్వారం మంగతాయారు తండ్రి వద్ద నేర్చి, ఆయనతో కలిసి వేదికపై వయొలిన్ వాయించారు. దేహ ప్రదర్శనగా పరిగణించే నాట్యం కంటె వాద్యసంగీతం కుటుంబ స్త్రీలకు ముందుగా తలుపు తెరిచిందని దీనివల్ల భావించవచ్చు.

6. సంస్థలు వచ్చాక

20వ శతాబ్ది మధ్యకాలంలో కూచిపూడి గ్రామం నుంచి నగరానికి, మేళం నుంచి అకాడమీకి కదిలింది. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి ఏకపాత్ర అంశాలను తీర్చిదిద్ది, ఊరి కుటుంబాలకు వెలుపలి స్త్రీలకు కూడా విద్య నేర్పారు. 1959లో హైదరాబాదులో జరిగిన కూచిపూడి సదస్సు ఈ కళ శాస్త్రీయతను చర్చించింది. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించారు. కూచిపూడిలోని సిద్ధేంద్ర కళాక్షేత్రం కాలక్రమంలో తెలుగు విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చింది.

ఈ మార్పు వల్ల కలిగిన లాభం అపారం. పుట్టుకతో నిమిత్తం లేకుండా ఎవరైనా నేర్చుకొనే అవకాశం వచ్చింది. స్త్రీలు వేదిక మధ్యకు వచ్చారు. రాజారెడ్డి, రాధారెడ్డి దంపతుల కుటుంబంలో కుమార్తెలు తల్లిదండ్రులతో కలిసి నర్తించడం ఒకప్పుడు కూచిపూడి గ్రామంలో ఊహకందని విషయం. నేడు తల్లి నట్టువాంగం చేస్తుంటే కూతురు నర్తించడం దేశంలోనూ, ప్రవాస తెలుగు సమాజాల్లోనూ సాధారణ దృశ్యం. వేదికపై పోయిన తల్లీకూతుళ్ల సంబంధం కొత్త సామాజిక వర్గాల్లో, కొత్త రూపంలో మళ్లీ కనిపిస్తోంది. దాన్ని కోల్పోయిన కలావంతుల కుటుంబాలకు ఆ గౌరవంలో వాటా దక్కిందా అన్నది విడిగా పరిశీలించవలసిన అంశం.

నష్టం మరొక చోట ఉంది. పూర్వం వేషధారి స్వయంగా పాడేవాడు, సంభాషించేవాడు. నేడు వాచికం చాలావరకు వెనుక కూర్చొన్న గాయకులకు, అనేక సందర్భాల్లో ముందే ముద్రించిన ధ్వనికి బదిలీ అయింది. ముద్రిత ధ్వనికి బిడ్డ అడుగు కనబడదు. మరొక ఆవర్తం కావాలని అది గ్రహించలేదు. నాట్యం తప్పులు లేకుండా సాగవచ్చు. ప్రతిస్పందించే నేర్పు మాత్రం అలవడదు. సంస్థ పాఠాన్ని స్వీకరించగలిగింది గాని, వేదికపై పెద్దవారు పక్కన ఉండి ఇచ్చే భరోసాకు ప్రత్యామ్నాయాన్ని ఇంకా పూర్తిగా రూపొందించుకోలేదు.

7. పరిశోధకులకు సూచనలు

కళాకారుల మౌఖిక చరిత్రలను సాధారణంగా ఒక్కొక్కరి నుంచి విడివిడిగా సేకరిస్తాం. ఉమ్మడి వేదిక అధ్యయనానికి ఈ పద్ధతి చాలదు. తల్లిదండ్రులను, బిడ్డలను కలిపి కూర్చోబెట్టి, ఒకే దరువును ఇద్దరి చేత ప్రదర్శింపజేసి, ఎవరు ఎక్కడ ఎవరిని సరిదిద్దారో నమోదు చేయాలి. దృశ్య ముద్రణలో నర్తకి ఒక్కరినే కాకుండా తాళం పట్టినవారి చేతిని, చూపును కూడా చిత్రీకరించాలి. నర్తించకపోయినా విని గుర్తుంచుకొన్న కుటుంబ స్త్రీల జ్ఞాపకాలను ప్రాథమిక ఆకరాలుగా స్వీకరించాలి. కలాపాల ప్రతులను పరిష్కరించేటప్పుడు భాగవతుల ప్రతులను, కలావంతుల పాఠాలను పక్కపక్కన పెట్టి పోల్చడం అవసరం.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• ఉమ్మడి వేదికలో ఆవృత్తి, ముక్తాయింపు, మాధవి ప్రశ్న వంటివి కళాంశాలుగానూ బోధనోపకరణాలుగానూ ఏకకాలంలో పని చేస్తాయి.

• ఘంటసాల సంగీతవిద్యకు తొలి మెట్టు తండ్రి పాడిన తరంగానికి వేసిన అడుగు. ఆ వేదిక కూలినప్పుడు సంస్థ ఆయన్ను ఆదుకొంది. కుటుంబమూ సంస్థా పరస్పర పూరకాలని ఈ జీవితం చెబుతుంది.

• కూచిపూడిలో ఉమ్మడి వేదిక కొడుక్కి రక్షణగా, కూతురికి అడ్డుగోడగా నిలిచింది. కలావంతుల్లో తల్లీకూతుళ్ల వేదికను సమాజమే తొలగించింది.

• అకాడమీలు వేదికను అందరికీ తెరిచాయి. ప్రత్యక్ష వాచికం తగ్గిన కొద్దీ ఆ వేదిక బోధనాశక్తి తగ్గుతోంది.

నేటి నాట్యబోధనలో జీవగానాన్ని, ప్రత్యక్ష నట్టువాంగాన్ని తొలి ప్రదర్శనలకైనా తప్పనిసరి చేయడం ఈ లోటును కొంత పూరించగలదు. చిన్నారి అడుగు తడబడినప్పుడు పల్లవిని మరొక్కసారి ఎత్తుకోగల గొంతు వేదికపై ఉండాలి.